అక్కరలేని చిల్లు

ఆమెను అందరూ లేతక్క అనేవాళ్లు. లేత్ మెషీను మీద పనిచేసే అక్క కాబట్టి ఆ పేరు. పేరు మాత్రమే విన్నవాళ్లు ఎవరో సుకుమారమైన మనిషిని ఊహించుకుని షెడ్డుకొచ్చేవాళ్లు. మోచేతుల దాకా నల్లనూనె పూసుకుని, చంకలో పానా ఇరికించుకుని ఎదురొచ్చిన మనిషిని చూసి తడబడేవాళ్లు. "లేత ఎక్కడా అని చూస్తున్నారా? అదిగో, ఆ మూల తిరుగుతోందే, అదే" అని మెషీను వైపు చూపించేది. ఆ ఒక్క జోకునే ఏళ్ల తరబడి అరగదీసింది.

షెడ్డు తండ్రి పెట్టింది. పాత చైను ట్రాక్టర్లకు ఇంజన్లు మార్చడం అక్కడి పని. చక్రాలకు బదులు ఇనప పట్టాల మీద పాకుతూ కొండవాలు నేలల్ని చదును చేసే ఆ బండ్లకు ఒళ్లంతా ఉక్కే. ముసలివైనా చెక్కుచెదరవు. ముందుగా పోయేది ఇంజను. దాని విడిభాగాలు వెతికినా దొరకవు. అప్పుడు బండిని పాత ఇనుముకైనా వేసేయాలి, లేదా లారీ ఇంజను తెచ్చి దాని పొట్టలో పెట్టాలి.

పెట్టడమంటే ఎత్తి కూర్చోబెట్టడం కాదు. లారీ ఇంజను వెనకవైపు బోల్టుల చిల్లులు ఒక తీరున ఉంటాయి, ట్రాక్టరు క్లచ్చి డబ్బా చిల్లులు ఇంకో తీరున ఉంటాయి. ఇద్దరికీ పొత్తు కుదర్చడానికి మధ్యలో దళసరి ఉక్కు ప్లేటు ఒకటి కావాలి. ఆ ప్లేటు వెంట్రుకవాసి పక్కకు జరిగిందా, లోపలి బేరింగులు నాలుగు రోజుల్లో పిండయిపోతాయి. లేతక్క చేసిన ప్లేటుతో ఒక్క బేరింగూ పోలేదు. చుట్టుపక్కల క్వారీలవాళ్లూ తోటలవాళ్లూ బండి దించుతూనే "అక్క ఉందా?" అని అడిగేది అందుకే.

ప్లేట్లన్నిటికీ ఆధారం ఒక అచ్చు. పలచటి ఉక్కురేకు మీద చిల్లుల స్థానాలన్నీ కొలిచి చేసింది. తండ్రి దగ్గర పని నేర్చుకునే రోజుల్లో ఆమే దాన్ని తయారుచేసింది. చేస్తూ చేస్తూ ఒక చిల్లు తప్పుచోట వేసేసింది. ఏడుపుమొహం పెట్టి తండ్రికి చూపిస్తే ఆయన పగలబడి నవ్వాడు. "ఉండనీవే, దానికీ ఊపిరాడొద్దూ?" అన్నాడు. ఆ చిల్లు దేనికీ పనికిరాదు. ప్లేటు చేసేటప్పుడు ఆమె దాన్ని వదిలేసి మిగతావే వేసేది. తండ్రి పోయాక కూడా ఆ అచ్చునే వాడుతూ వచ్చింది.

షెడ్డులో ఆమె కాక ఇద్దరు. ఒకరు ఆమె తమ్ముడు. ఊళ్లు తిరిగి మంచి లారీ ఇంజన్లు ఏరి తెచ్చేవాడు, గిరాకీలతో మాట్లాడేవాడు. రెండో ఆయన వెల్డరు. తండ్రి కాలం నాటి మనిషి. ఆమె ఆయన్ని బాబాయ్ అనేది, ఆయన ఆమెను అమ్మాయ్ అనేవాడు. మాట తక్కువ. వెల్డింగు అద్దం ముఖం మీంచి పైకెత్తాడంటే ఏదో ముఖ్యమైన సంగతి చెప్పబోతున్నట్టు లెక్క.

ఒక రోజు పొద్దున తోటలాయన ఒకాయన తన చైను ట్రాక్టరును ట్రైలరు మీద వేసుకొచ్చాడు. బండి వెంట దాని డ్రైవరు కుంటుకుంటూ దిగాడు. పిక్కకు కట్టు ఉంది.

"నడుస్తూ నడుస్తూ లోపల ఢామ్మంది" అన్నాడు డ్రైవరు. "క్లచ్చి పగిలి ముక్కలు రేకు చీల్చుకుని బయటికొచ్చాయి. ఒకటి ఇదిగో, ఇక్కడ గీరుకుంటూ పోయింది. ఇంకాస్త ఇటు వచ్చుంటే కాలు ఉండేది కాదక్కా."

లేతక్క బండి చుట్టూ తిరిగి చూసింది. లోపల లారీ ఇంజను ఉంది, కానీ అది తన షెడ్డులో పెట్టింది కాదు. "ఎవరు చేశారండీ ఈ పని?"

తోటలాయన మొహం చిట్లించాడు. "మెయిన్‌రోడ్డు మీది పెద్ద వర్క్‌షాపులో చేయించాను. మీ దగ్గర ఆలస్యమవుతుందని అక్కడికి వెళ్లిన మాట నిజమే. అయినా మీ మీద నమ్మకంతోనే వెళ్లానమ్మా. 'లోపల వేసేది లేతక్క ప్లేటే' అన్నారు వాళ్లు. ఆ పేరు విన్నాకే ఒప్పుకున్నాను."

"నా ప్లేటా? నేను వాళ్లకు ప్లేటు ఎప్పుడిచ్చాను?"

"అది మీరూ మీరూ తేల్చుకోండి. నా మనిషి కాలు పోయేది, అది మాత్రం నాకు తెలుసు."

గొలుసు పుల్లీతో ఇంజనును ముందుకు లాగి, మధ్య ప్లేటు విప్పి తీశారు. లేతక్క దాన్ని బల్ల మీద పెట్టి గుడ్డతో తుడిచింది. బోల్టుల చిల్లులన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. వాటి పక్కన, ఏ బోల్టూ దూరని చోట, ఇంకో చిల్లు ఉంది.

తన షెడ్డు గడప దాటిన ఏ ప్లేటుకూ ఆ చిల్లు లేదు. అది అచ్చుకు మాత్రమే ఉంది. అంటే బయటివాళ్లు తన ప్లేటును చూసి కాపీ కొట్టలేదు. ఎవరో అచ్చునే తీసుకెళ్లి, దాన్ని దళసరి ఉక్కు మీద పరిచి, కనిపించిన ప్రతి చిల్లూ వేసేశారు. అచ్చు ఉండేది బీరువాలో. ఆ బీరువా తాళంచెవి ఎక్కడ వేలాడుతుందో తెలిసినవాళ్లు ముగ్గురే.

ఆ మధ్యాహ్నం తమ్ముడు రాగానే వాడిని పక్కకు పిలిచి ప్లేటు చూపించింది. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నువ్వేమంటావురా? ఎవరి పని ఇది?"

"నేనేమంటానక్కా..." అని ప్లేటును బల్ల మీద పెట్టేశాడు. "బాబాయ్ అల్లుడు ఆ వర్క్‌షాపులోనే కదా పనిచేసేది?"

అంతే అన్నాడు. అని, ఫోను మోగినట్టు జేబు తడుముకుంటూ బయటికి వెళ్లిపోయాడు.

ఆ మాట ఆమె బుర్రను తొలిచేయడం మొదలుపెట్టింది. నిజమే, అల్లుడు అక్కడే ఉన్నాడు. కిందటి నెల బాబాయ్ ఏదో పని ఉందని సెలవులు పెట్టాడు. ఈ మధ్య తన కళ్లలోకి సూటిగా చూడటం లేదు కూడా. ఒకటి తర్వాత ఒకటి అన్నీ అతికినట్టు కుదిరిపోయాయి. సాయంత్రం దాకా కూడా ఆగలేకపోయింది. బాబాయ్ చక్రం ఊడిన తోపుడుబండికి అతుకు వేస్తుంటే వెళ్లి ఎదురుగా నిలబడింది.

"ఎప్పటినుంచి బాబాయ్ ఇది?"

ఆయన అద్దం పైకెత్తాడు. ఆమె చేతిలోని ప్లేటును చూశాడు, ఆమె మొహం చూశాడు.

"మా నాన్న పెట్టిన తిండి తిన్నావు. మీ అల్లుడి కోసం ఇంత పని చేస్తావా? ఆ డ్రైవరు కాలు పోయుంటే ఎవరు జవాబు చెప్పుకునేవాళ్లు?"

ఆయన ఆమె భుజం మీంచి షెడ్డు వాకిలి వైపు ఒకసారి చూశాడు. అక్కడ తమ్ముడు నిలబడి ఉన్నాడు. తర్వాత ఆయన చేతితొడుగులు విప్పి, జాగ్రత్తగా ఒకదాని మీద ఒకటి పెట్టి, సిలిండరు వాల్వు కట్టేశాడు.

"గ్యాసు కట్టేశానమ్మాయ్. పైపు పాతబడింది, మార్పించుకో" అని సైకిలు తీసుకుని వెళ్లిపోయాడు.

తప్పు చేయనివాడైతే ఒక్క మాటైనా అనడా, అనుకుంది లేతక్క. ఆ ఆలోచనతో మనసును జోకొట్టుకుంది.

మర్నాడు ఆమె పెద్ద వర్క్‌షాపుకు బయలుదేరింది. అచ్చు కొలతలు ఎటూ వాళ్ల చేతికి చిక్కాయి, కనీసం తన పేరైనా వాడొద్దని యజమానికి మొహం మీదే చెప్పాలనుకుంది. అద్దాల ఆఫీసు, రంగులేసిన గేటు, గీత గీసినట్టు నిలబెట్టిన బండ్లు. ఆ వరసలో చైను ట్రాక్టర్లు కూడా ఉన్నాయి. గేటు మనిషి ఆమెను చూడగానే లేచి కుర్చీ జరిపాడు.

"రండమ్మా, కూర్చోండి. మా ఫోర్‌మెన్ గారి అక్కగారు కదూ? అచ్చు ఆయన పోలికే. ఉండండి, పిలుస్తాను."

"ఎవరి అక్కను?" అంది ఆమె.

గేటు మనిషికి ఆ ప్రశ్న అర్థంకాలేదు. ఈలోగా లోపలి గదిలోంచి తమ్ముడు బయటికొచ్చాడు. ఒంటి మీద నీలం చొక్కా. జేబు మీద ఎర్రదారంతో 'ఫోర్‌మెన్' అని కుట్టి ఉంది. ఆ చొక్కా ఆమె ఎప్పుడూ చూడలేదు. వాడు వెనక్కి తిరిగి ఎవరితోనో నవ్వుతూ ఏదో అంటున్నాడు. ఇటు తిరిగేసరికి అక్క కనిపించింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

అరవాలనీ, చొక్కా పట్టుకుని రోడ్డు మీదికి ఈడ్వాలనీ ఆమెకు అనిపించలేదు. సిగ్గనిపించింది. తప్పు చేసి దొరికిపోయింది తనే అయినట్టు తలొంచుకుని గేటు దాటింది. ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. ఊళ్లు తిరిగి ఇంజన్లు చూసొస్తానని వాడు వెళ్లిన రోజులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అలసిపోయి వచ్చాడని తన కంచంలోది తీసి వాడి కంచంలో వేసిన రోజులు కూడా.

తల్లి వరండాలో కూర్చుని కూరగాయలు తరుగుతోంది. లేతక్క నిలబడే చెప్పింది, ఊపిరి తీసుకోకుండా. తల్లి కత్తిపీట ఆపలేదు.

"అమ్మా, నీకు చెప్తున్నాను. వాడు అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు. చొక్కా కూడా ఇచ్చారు వాడికి!"

"తెలుసే" అంది తల్లి.

"ఏం తెలుసు?"

"అంతా తెలుసు. ఆ చొక్కాలు ఉతికేది ఎవరనుకున్నావు?"

వెనకగదిలో, తలుపు చాటున కట్టిన తాడు మీద ఇంకో నీలం చొక్కా ఆరేసి ఉంది. ఆ గదిలోకి లేతక్క రోజూ వెళ్తుంది. తలుపు వెనక చూడాలని ఎప్పుడూ తోచలేదు.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే ఊరుకుంటావా? వాడికీ పెళ్లాం రావాలి, వాడికంటూ ఓ బతుకుండాలి. నీకు చేతిలో పని ఉంది, పేరుంది. వాడికేముంది? ఒకటి తీసుకున్నాడు. పరాయివాడు తీసుకున్నాడా? నీ తమ్ముడే కదా."

"మరి బాబాయ్ సంగతి? ఆయన్ని దొంగని చేసి పంపించాను నేను."

తల్లి కత్తిపీట అప్పుడు ఆగింది. ఆ సంగతి ఆమెకు తెలియదు.

తమ్ముడు వచ్చేసరికి సాయంత్రమైంది. నీలం చొక్కా మార్చుకోలేదు, ఇక దాచేదేముంది. గడపలోనే నిలబడ్డాడు.

"నన్ను అడిగుంటే ఇచ్చేదాన్ని కదరా" అంది ఆమె.

"ఇచ్చేదానివి కాదక్కా."

ఒక క్షణం ఆలోచించింది. "అవును, ఇచ్చేదాన్ని కాదు" అని ఒప్పుకుంది.

"ఇక్కడ నేనెవర్ని? లేతక్క తమ్ముణ్ణి. ఇంత వయసొచ్చింది, ఒక్కడైనా బండి దించి నా కోసం అడిగాడా? ఇంజను డీజిలు పంపు విప్పి కూర్చుంటావు, దగ్గరికొస్తే 'అటు పో, చెడగొడతావ్' అంటావు. అక్కడ మనుషులు నా పని చూసి నన్ను సార్ అంటున్నారు."

"నీ పనా? నా పేరు చెప్పి నా ప్లేటు అమ్ముకుంటూ, నీ పనా?"

వాడు జేబు మీది ఎర్రదారపు అక్షరాలను చేత్తో కప్పుకున్నాడు.

"సరే, నా మీద కోపం ఉంది. నాకు ద్రోహం చేశావు. బాబాయ్ పేరెందుకు చెప్పావు?"

"నేను చెప్పలేదు. వాళ్ల అల్లుడు అక్కడున్నాడన్నాను. మిగతాదంతా నువ్వే అనుకున్నావు."

ఆ మాటలో అబద్ధం లేదు. ఆమె కోపంగా చేతికందిన గిన్నె ఎత్తింది, మళ్లీ కిందపెట్టింది. "నీ సామాను తీసుకుని వెళ్లు" అంది చివరికి. తల్లి ఏడుపు అందుకుంది. తమ్ముడు లోపలికెళ్లి సంచీ సర్దుకున్నాడు. తలుపు చాటున ఆరేసిన చొక్కాను తల్లే తీసి, మడతపెట్టి, వాడి సంచీలో పెట్టింది. లేతక్క అది కూడా చూసింది.

మర్నాడు వెల్డరు ఇంటికి వెళ్లింది. ఆయన వాకిట్లో ఎవరిదో గేటు పడుకోబెట్టి తుప్పు గీకుతున్నాడు. ఆమెను చూసి పీట వేశాడు, మంచినీళ్లు ఇచ్చాడు. ఆ మర్యాదే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది.

"తప్పు నాదే బాబాయ్. వాడు చేశాడని తెలిసింది."

"వాడేనని నాకు ముందే తెలుసమ్మాయ్. అచ్చును గోనెసంచిలో చుట్టి పట్టుకెళ్లడం చూశాను. మళ్లీ తెచ్చి పెట్టడమూ చూశాను."

"మరి చెప్పలేదేం? నేనన్ని మాటలు అంటుంటే కూడా నోరు విప్పలేదే?"

"ఏం చెప్పమంటావు? అక్కాతమ్ముళ్ల మధ్య పుల్ల పెట్టడానికి నేనెవణ్ని? కొన్నాళ్లు నీ కళ్లలోకి చూడటమే మానేశాను, ఎక్కడ నోరు జారతానోనని. ఎప్పటికైనా నువ్వే అడుగుతావనుకున్నాను. అడిగుంటే చెప్పేవాణ్ణి." ఆయన గీకుడుకత్తిని గేటుకు తట్టి తుప్పు దులిపాడు. "నువ్వు అడగలేదు. 'ఎప్పటినుంచి' అన్నావు."

ఆమె తిరిగి పనిలోకి రమ్మని పిలిచింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నీ మీద కోపం లేదు. కానీ ఇక అక్కడ నిలబడలేను. రేపు పానా ఒకటి కనపడకపోతే నువ్వు నా వైపు చూస్తావేమోనని నాకనిపిస్తుంది. నువ్వు చూడవు, నాకు తెలుసు. అయినా అనిపిస్తుంది."

తోటలాయన బండిని ఆమె ఒంటిచేత్తో బాగుచేయాల్సొచ్చింది. ప్లేటు తప్పు లేకుండానే ఉంది కాబట్టి దాన్నే తిరిగి బిగించింది. రోగం ప్లేటులో లేదు, పంపులో ఉంది. పాత ట్రాక్టరు ఇంజను ముసలి ఎద్దులా నింపాదిగా తిరుగుతుంది. లారీ ఇంజను దానికి రెట్టింపు వేగంతో పరుగెత్తుతుంది. డీజిలు పంపులో వేగాన్ని అదుపుచేసే గవర్నరు స్ప్రింగు మార్చి, వేగం హద్దు దాటకుండా స్టాపు బోల్టు బిగించి, ఎవరూ కదపకుండా సీలు వేయాలి. లేకపోతే ఆ వేగానికి పాత క్లచ్చి చెక్కలై ఎగిరిపోతుంది. తమ్ముడు అచ్చు పట్టుకెళ్లాడు కానీ ఈ సంగతి పట్టుకెళ్లలేదు. వాడికి తెలియదు. పంపు దగ్గరికి వాడిని ఆమె రానిస్తేగా.

బండి సిద్ధమయ్యాక తోటలాయన ముందు నిలబడి చెప్పింది. "ఆ ప్లేటు నా షెడ్డులోంచే పోయిందండి. నేనివ్వలేదు, కానీ పోయింది. మీ డ్రైవరుకు నేను జవాబుదారీనే." ఆయన ఏదో సర్దిచెప్పబోతే వినిపించుకోలేదు.

వానలు మొదలయ్యాక ఒక ఉదయం తమ్ముడు షెడ్డు గేటు దగ్గరికొచ్చాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. లోపలికి రాలేదు. గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డాడు.

"ఇంకో బండి క్లచ్చి పోయిందక్కా. మనిషికేం కాలేదు. ఈసారికి కాలేదు." మొహం మీది నీళ్లు తుడుచుకున్నాడు. "మేం చేసినవి ఇంకా చాలా బయట తిరుగుతున్నాయి. ఏం తప్పు చేస్తున్నామో తెలియట్లేదు. ప్లేటంతా సరిగ్గానే ఉంది..."

ఆమె చేతిలోని గుడ్డను మడతపెట్టింది, విప్పింది, మళ్లీ మడతపెట్టింది. చెప్పకుండా ఉంటే ఆ పెద్ద వర్క్‌షాపు పేరు మట్టిలో కలిసిపోతుంది. ఇంకొన్నాళ్లు నోరుమూసుకుని ఉంటే చాలు. నీలం చొక్కా దానంతట అదే ఊడిపోతుంది. ఆ ఆలోచన ఎంత కమ్మగా ఉందో ఆమె తనకు తానే ఒప్పుకుంది. కానీ ప్రతి బండి సీటు మీదా పిక్క క్లచ్చికి పక్కనే పెట్టుకుని కూర్చున్న మనిషి ఒకడుంటాడు.

గేటు దగ్గరికి వెళ్లింది. ఊచలకు ఇటువైపు నిలబడి, స్ప్రింగు సంగతి, స్టాపు బోల్టు సంగతి, వేగం ఎక్కడ కొలవాలో, సీలు ఎలా వేయాలో అంతా విడమరిచి చెప్పింది. చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పించుకున్నట్టు వాడిచేత మొత్తం తిరిగి చెప్పించింది. ఒకచోట తప్పు చెప్తే దిద్దింది.

"బయటున్న బండ్లన్నీ ఇవాళే ఆపించు. ఇది సరిచేసేదాకా ఒక్కటీ స్టార్టు కాకూడదు."

"ఆపిస్తాను." వాడి కళ్లు ఎర్రబడ్డాయి. "అక్కా... ఇన్నేళ్లలో నాకు ఇది ఒక్కసారి నేర్పుంటే..."

"నేర్పాల్సింది" అంది ఆమె. "ఇక నా పేరు ఎక్కడా చెప్పకు."

"లోపలికి రానా?"

"వద్దు."

వాడు వానలోనే బండి ఎక్కి వెళ్లిపోయాడు. అన్న మాట ప్రకారం బండ్లన్నీ ఆపించాడని, ఒక్కొక్కదానికీ పంపు సరిచేయించాడని తర్వాత తోటలాయన ద్వారా తెలిసింది. విని ఆమె తలూపింది.

మధ్యాహ్నం తల్లి అన్నం వడ్డిస్తూ, ఎటో చూస్తూ అడిగింది. "పొద్దున గేటు దగ్గర వాడేనా?"

"వాడే."

"ఏం కావాలట?"

"పని గురించి అడిగాడు. చెప్పాను."

"లోపలికి రమ్మనలేదా?"

"లేదమ్మా."

లేతక్క అన్నం తినేసి, కంచం తానే కడిగి బోర్లించి, షెడ్డులోకి వెళ్లింది. కొత్తగా పెట్టుకున్న వెల్డరు అప్పటికే వచ్చి, గ్యాసు పైపు ఎక్కడ కొనాలో అడగడానికి ఆమె కోసం చూస్తున్నాడు.